హెడ్ గ్యాస్కెట్ పోయిందంటున్నారా? విశాఖ కారు యజమానులు తరచుగా అడిగే ప్రశ్నలు

గాజువాక ఆటోనగర్‌లో ఇంజిన్ పని చేస్తూ ఇరవై ఏళ్లు దాటింది. అరకు సీజన్ మొదలైందంటే సోమవారం పొద్దున్నే మా షెడ్డు ముందు రికవరీ బండి మీద ఒక కారైనా ఉంటుంది. ఆదివారం ఘాట్‌లో వేడెక్కి ఆగిపోయిన కారు. పక్కన నిలబడ్డ మనిషి ముఖంలో టెన్షన్, నోట ఒకటే మాట: "హెడ్ గ్యాస్కెట్ పోయిందంటున్నారు, నిజమేనా?" ఆ తర్వాత వరసగా ఇవే ప్రశ్నలు. షెడ్డులో నిలబడి అన్నీ చెప్పే తీరిక దొరకదు. సగం చెప్పి పంపిస్తే కొందరు భయపడి అక్కర్లేని పనులకు డబ్బు పోస్తారు, కొందరు ధైర్యం చేసి అలాగే నడిపి ఇంజిన్ మొత్తం పోగొట్టుకుంటారు. రెండు రకాలూ చూశాను. అందుకే కూర్చుని రాస్తున్నాను.

హెడ్ గ్యాస్కెట్ అంటే ఏమిటి? ఎక్కడ ఉంటుంది?

ఇంజిన్ ప్రధానంగా రెండు ముక్కలు. కింది ముక్క బ్లాకు. పిస్టన్లు పైకీ కిందికీ ఆడే సిలిండర్లు అందులో ఉంటాయి. పై ముక్క హెడ్డు. వాల్వులు, క్యామ్ షాఫ్టు, పెట్రోలు బండి అయితే స్పార్క్ ప్లగ్గులు అందులో ఉంటాయి. ఈ రెండు ముక్కల మధ్య బోల్టులు బిగించి నొక్కిపెట్టిన పలచని పొరే హెడ్ గ్యాస్కెట్. చేతిలోకి తీసుకుంటే రంధ్రాలు పొడిచిన రేకులా ఉంటుంది. వరసగా పెద్ద గుండ్రటి రంధ్రాలు సిలిండర్లకు, చుట్టూ చిన్నవి కూలెంటుకు (ఇంజిన్‌ను చల్లబరిచే ద్రవం), ఆయిలుకు, బోల్టులకు.

మూడింటిని ఒకదానితో ఒకటి కలవనివ్వకపోవడం దాని పని: సిలిండర్‌లో మండే గ్యాసు, చుట్టూ తిరిగే కూలెంటు, హెడ్డుకు ఎక్కి దిగే ఆయిలు. కొన్ని చోట్ల వీటి మధ్య దూరం కొద్ది మిల్లీమీటర్లే. ఒకవైపు 2000 డిగ్రీలు దాటే మంట, ఆ పక్కనే 90 డిగ్రీల దగ్గర తిరిగే కూలెంటు. ఒత్తిడి సంగతి చూడండి. మీ కారు టైరులో గాలి 2 బార్ల పైచిలుకు. డీజిల్ సిలిండర్‌లో మంట అంటుకున్న క్షణాన ఒత్తిడి 100 బార్లు దాటుతుంది. నిమిషానికి వెయ్యిసార్లకు పైగా ఆ దెబ్బ తింటూ ఏళ్ల తరబడి కారకుండా నిలబడుతుంది ఆ రేకు. నాకు ఇప్పటికీ దాని మీద గౌరవమే.

ఒక రేకు అంత ఒత్తిడిని ఎలా ఆపుతుంది?

ఆపేది రేకు ఒక్కటే కాదు, బోల్టుల బిగింపు. బిగించినప్పుడు బోల్టు కొద్దిగా సాగుతుంది, సాగిన స్ప్రింగులా హెడ్డును బ్లాకు మీదికి లాగి పట్టుకుంటుంది. గ్యాస్కెట్ ఆ నొక్కుడును సిలిండర్ల అంచుల చుట్టూ సమంగా పంచుతుంది. ఇప్పటి కార్లలో ఎక్కువగా వచ్చేది ఉక్కు పొరల గ్యాస్కెట్. మూడో నాలుగో పలచని స్ప్రింగు ఉక్కు రేకులు ఒకదాని మీద ఒకటి, సిలిండరు చుట్టూ ఉబ్బెత్తు గీత, పైన రబ్బరు లాంటి పూత. ఇంజిన్ వేడెక్కి చల్లారుతుంటే ఆ గీత ఊపిరి తీసినట్టు నొక్కుకుంటూ లేస్తూ ఉంటుంది.

పాత బండ్లలో రాగి రేకుల మధ్య ఆస్బెస్టాస్ పెట్టినవి వచ్చేవి. మీ దగ్గర పాత కాలం కారు ఉండి, దాని హెడ్డు దింపుతుంటే, ఆ గ్యాస్కెట్‌ను పొడిగా గీకనివ్వకండి, గాలిపైపుతో ఊదనివ్వకండి. ఆ ధూళి ఊపిరితిత్తులకు ప్రమాదం. తడిపి, మాస్కు పెట్టుకుని తీయాలి. షెడ్డులో పనిచేసే కుర్రాళ్ల కోసం ఇది చెబుతున్నాను.

ఎందుకు పోతుంది? పాతబడితే పోతుందా?

పాతబడి పోయేవి కొన్ని ఉంటాయి. ఎక్కువ కిలోమీటర్లు తిరిగిన బండిలో పూత పోయి, అంచులు తుప్పు తిని, మెల్లగా కారడం మొదలవుతుంది. కానీ మా షెడ్డుకు వచ్చేవాటిలో అలాంటివి తక్కువ. ఎక్కువ భాగం వేడికి పోయినవే. చాలావరకు గ్యాస్కెట్ తనంతట తాను పోదు, ఏదో దాన్ని పోగొడుతుంది. ఈ పేజీలో మీరు ఒక్క ముక్కే గుర్తుపెట్టుకుంటానంటే ఇదే గుర్తుపెట్టుకోండి.

ఇప్పటి కార్లలో హెడ్డు దాదాపు అన్నిటికీ అల్యూమినియమే. బ్లాకు కొన్నిటికి పోత ఇనుము, కొన్నిటికి అల్యూమినియం. ఒకే వేడికి అల్యూమినియం పోత ఇనుము కన్నా సుమారు రెట్టింపు సాగుతుంది. మామూలు వేడిలో ఆ తేడాను గ్యాస్కెట్ ఓర్చుకుంటుంది. కూలెంటు లేక ఇంజిన్ కాగిపోతే మాత్రం హెడ్డు సాగాలని చూస్తుంది, బోల్టులు కదలనివ్వవు. దాంతో అది విల్లులా వంగుతుంది. చల్లారాక కూడా పూర్తిగా సర్దుకోదు. వెంట్రుక మందం సందు చాలు, గ్యాసు దారి చేసుకోవడానికి. పాత అంబాసిడర్ పెట్రోలు ఇంజిన్‌లో హెడ్డూ బ్లాకూ రెండూ పోత ఇనుమే. ఒకసారి మరిగినా నీళ్లు పోసుకుని వెళ్లిపోయేవారు. మా పెద్దలకు అదే అలవాటు. ఆ అలవాటు ఇప్పటి బండికి పనికిరాదు.

వేడెక్కడానికి మన ఊళ్లో కనిపించే కారణాలు వేరే ఊళ్లకు అన్నీ వర్తించవు. సముద్రపు గాలి మొదటిది. లాసన్స్ బే కాలనీ, బీచ్ రోడ్డు, రుషికొండ వైపు ఆరుబయట పెట్టే కార్లకు రేడియేటర్ రెక్కలు ఉప్పు తిని పొడిపొడిగా రాలిపోతాయి. చేత్తో తడిమితే బిస్కెట్ పొడిలా వేళ్లకు అంటుతుంది. పోర్టు చుట్టుపక్కల తిరిగే బండ్లకు ఆ రెక్కల మధ్య నల్లటి దుమ్ము గట్టిపడి గాలి ఆడదు. రెండోది నీళ్లు, దాని గురించి కింద విడిగా రాశాను. మూడోది ఘాట్: అయిదుగురు మనుషులు, డిక్కీ నిండా సామాను, ఏసీ ఫుల్లు, రెండో గేరులో గంటసేపు ఎక్కుడు. ఆరోగ్యంగా ఉన్న బండి అవలీలగా ఎక్కుతుంది. లోపల ఏదో బలహీనత ఉన్న బండి అక్కడే బయటపడుతుంది.

పెట్రోలు బండిలో ఎక్కుడులో టకటకమని నాకింగ్ (లోపల పెట్రోలు వేళతప్పి పేలే శబ్దం) వినిపిస్తున్నా పట్టించుకోకుండా తొక్కితే అదీ గ్యాస్కెట్ అంచులను కొట్టి కొట్టి విరిచేస్తుంది.

ఘాట్‌లో ఉన్నాను, టెంపరేచర్ ముల్లు పైకి వెళ్తోంది. ఏం చేయాలి?

పక్కకు తీసి ఆపండి. ఇంకో రెండు మలుపులు దాటితే వ్యూపాయింట్ వస్తుందని, పైన టీ దుకాణం ఉందని చూడకండి. ఆ రెండు మలుపులే హెడ్డును వంచేవి.

ఆపడానికి చోటు దొరికేలోగా ఏసీ కట్టేసి, హీటరు ఫుల్లు వేడిలో పెట్టి, బ్లోయరు గట్టిగా తిప్పండి. మే నెలలో ఒళ్లంతా ఉడికిపోతుంది, నిజమే. కానీ హీటరు అనేది కారులో ఉన్న రెండో రేడియేటర్. ఇంజిన్ వేడిని కొంత లోపలికి లాగేస్తుంది. ఆగాక బానెట్ ఎత్తండి. ఆవిరి చిమ్ముతుంటే తగ్గేదాకా దాని జోలికి వెళ్లకండి. రేడియేటర్ మూత, కూలెంట్ డబ్బా మూత అసలే తీయకండి. లోపల ఒత్తిడి కింద ఉన్న ద్రవం మూత తిప్పగానే మరిగి ముఖం మీదికి ఎగజిమ్ముతుంది. చేతులు, మెడ కాలిన వాళ్లను చూశాను. గంటసేపు ఆగండి. ఇంజిన్ మీద చన్నీళ్లు పోయకండి, కాగిన లోహం చిట్లిపోతుంది.

శృంగవరపుకోట దాటి ఘాట్ ఎక్కుతున్న ఒకాయన ఒకసారి ఫోన్ చేశారు. "మేస్త్రీ గారూ, ఇందాక ముల్లు పైకి వెళ్లింది, ఇప్పుడు దానంతట అదే కిందికి దిగింది. బయల్దేరమంటారా?"

"డబ్బాలో కూలెంటు ఉందేమో చూడండి బాబూ. మూత తీయకండి, బయటినుంచే కనిపిస్తుంది."

కాసేపటికి, "ఖాళీగా ఉందండీ."

"అయితే బండి కదపొద్దు. రికవరీ వాళ్లకు చెప్పండి."

ముల్లు దిగింది ఇంజిన్ చల్లబడి కాదు. వేడి కొలిచే సెన్సర్ కూలెంటులో మునిగి ఉండాలి. కూలెంటు అంతా పోయి దాని చుట్టూ ఖాళీ మిగిలితే అది తప్పు చెబుతుంది. ఆయన ఆగారు కాబట్టి ఒక హోస్ పైపు, కూలెంటుతో సరిపోయింది. అదే ముల్లును నమ్మి ఎక్కేసినవాళ్ల బండ్లకు హెడ్డు దింపాల్సి వచ్చింది.

ఇంకో సంగతి. ఇప్పుడు చాలా కార్లలో ముల్లే లేదు. చల్లగా ఉంటే నీలం లైటు, మితిమీరి వేడెక్కితే ఎర్ర లైటు, అంతే. ఎర్ర లైటు వెలిగిందంటే అప్పటికే ఆలస్యమైందని అర్థం. ఆ లైటుతో ఒక్క కిలోమీటరు కూడా నడపకండి.

గ్యాస్కెట్ పోయిందని దేన్ని బట్టి తెలుస్తుంది?

అది ఎక్కడ తెగింది అన్నదాన్ని బట్టి గుర్తులు మారతాయి. అందుకే ఒకరి బండికి తెల్ల పొగ వస్తే, ఇంకొకరి బండికి రాదు.

సిలిండరు నుంచి కూలెంటు దారికి తెగితే గ్యాసు కూలెంటులోకి చొరబడుతుంది. డబ్బాలో బుడగలు వస్తుంటాయి, పై హోస్ పైపు ఇంజిన్ ఆన్ చేసిన ఒకటి రెండు నిమిషాలకే రాయిలా గట్టిపడుతుంది, కూలెంటు డబ్బా పొంగి బయటికి కారుతుంది. రాత్రి బండి ఆగాక అదే సందులోంచి కూలెంటు సిలిండరులోకి జారుతుంది. తెల్లారి స్టార్ట్ చేస్తే బండి ఒక నిమిషం కుంటుతుంది, తియ్యటి వాసనతో దట్టమైన తెల్ల పొగ వస్తుంది. కింద ఎక్కడా కారిన మరక లేకుండా వారం వారం కూలెంటు తగ్గుతోందంటే ముందు అనుమానించాల్సింది దీన్నే.

కూలెంటు ఆయిలులో కలిస్తే డిప్‌స్టిక్ (ఆయిలు మట్టం చూసే కడ్డీ) మీద ఆయిలు పాలు పోసిన కాఫీ రంగులోకి మారుతుంది. ఇది అన్నిటికన్నా ప్రమాదకరం. ఆ ఆయిలుతో బేరింగులకు రక్షణ ఉండదు. ఇంజిన్ ఇక స్టార్ట్ చేయకూడదు.

రెండు పక్క సిలిండర్ల మధ్య తెగితే పొగా ఉండదు, కూలెంటూ తగ్గదు. బండికి పికప్ పోతుంది, వణుకుతుంది, అంతే. చాలామంది ప్లగ్గులు, కాయిళ్లు, ఇంజెక్టర్లు మార్చి మార్చి చివరికి మా దగ్గరకు వస్తారు.

ఆయిల్ మూత కింద మీగడలా కనిపించింది. గ్యాస్కెట్ పోయినట్టేనా?

అంత తొందర వద్దు. మన ఊళ్లో గాలిలో తేమ ఎక్కువ. ఎంవీపీ కాలనీ నుంచి బీచ్‌కు, అక్కడి నుంచి రైతు బజారుకు, ఇలా రోజూ రెండు మూడు కిలోమీటర్లే తిరిగే బండికి ఇంజిన్ పూర్తిగా వేడెక్కదు. లోపలి తేమ ఆవిరైపోకుండా మూత కింద చేరి ఆయిలుతో కలిసి మీగడ కడుతుంది. గుడ్డతో తుడిచి, భీమిలి దాకా ఒకసారి వెళ్లిరండి. డిప్‌స్టిక్ మీద ఆయిలు శుభ్రంగా ఉండి, కూలెంటు తగ్గకపోతే భయం లేదు. అలాగే డిసెంబరు తెల్లవారుజామున అరకులో సైలెన్సర్ నుంచి వచ్చే తెల్ల ఆవిరి చూసి కంగారు పడకండి. చలికి ఎవరి బండికైనా వస్తుంది. ఇంజిన్ వేడెక్కాక ఆగిపోతే అది వట్టి నీటి ఆవిరి.

దీన్ని చూసి హెడ్డు దింపాలని ఎవరైనా చెబితే, పరీక్ష చేసి చూపించమని అడగండి.

ఏ పరీక్షలు? హెడ్డు దింపకుండా తేల్చవచ్చా?

చాలావరకు తేల్చవచ్చు. నేను ముందు చేసేది నీలం రంగు ద్రవం పరీక్ష. చిన్న గాజు గొట్టంలో ఆ ద్రవం పోసి, కూలెంటు నింపే మూతి మీద పెట్టి, ఇంజిన్ నడుపుతూ పైనున్న గాలిని దాని గుండా లాగుతాం. మండిన గ్యాసు కూలెంటులోకి వస్తుంటే అందులోని కార్బన్ డయాక్సైడ్ తగిలి నీలం పసుపు వైపు తిరుగుతుంది. యజమాని కళ్ల ముందే రంగు మారుతుంది కాబట్టి ఇక వాదన ఉండదు.

తర్వాత కంప్రెషన్ గేజితో ఒక్కో సిలిండరు చూస్తాం. పక్కపక్కన ఉన్న రెండింటిలో ఒకేలా తక్కువ వస్తే మధ్యలో తెగినట్టే. చల్లటి ఇంజిన్‌కు చేతిపంపుతో కూలెంటు వైపు ఒత్తిడి ఎక్కించి గంటసేపు వదిలేయడం ఇంకో పద్ధతి. ఒత్తిడి తగ్గుతూ బయట ఎక్కడా కారకపోతే లోపలికి పోతున్నట్టు. పంపు తగిలించి ఎక్కించిన ఒత్తిడి నిలిచి ఉండగా ప్లగ్గులు తీసి ఇంజిన్ తిప్పితే, పోయిన సిలిండరు నుంచి కూలెంటు చిమ్ముకుంటూ వస్తుంది.

ఈ పరీక్షలేవీ చేయకుండా పొగ చూసి తీర్పు చెప్పే చోట బండి వదలకండి.

సీసాలో దొరికే సీలర్ పోస్తే సరిపోదా?

వద్దు. తెగిన చోట గడ్డకట్టి మూసేస్తుందని అమ్ముతారు. అది ఎక్కడ గడ్డకట్టాలో దానికి తెలియదు. రేడియేటర్ సన్నని గొట్టాలు, హీటరు కూడా మూసుకుపోతాయి. నాలుగు రోజులు నడిచినట్టు అనిపించి, తర్వాత గ్యాస్కెట్‌తో పాటు రేడియేటర్ కూడా మార్చాల్సి వస్తుంది.

అనుమానం ఉంది. షెడ్డు దాకా నడుపుకుంటూ రావచ్చా?

రావద్దు. పెందుర్తి నుంచి గాజువాక ఎంత దూరమని అనుకోకండి. ట్రాఫిక్‌లో ఆ దూరమే ఎక్కువ. లాగించుకుని రావడానికి అయ్యే ఖర్చు, వంగిన హెడ్డుకు, పట్టేసిన పిస్టన్లకు అయ్యే ఖర్చు ముందు ఏమీ కాదు. సిలిండరులో కూలెంటు నిండి ఉన్నప్పుడు సెల్ఫ్ కొడితే కనెక్టింగ్ రాడ్డు వంగిపోయే ప్రమాదం కూడా ఉంది. ద్రవం గాలిలా నొక్కుకోదు.

మార్చడం అంటే లోపల ఏం చేస్తారు? ఎందుకు అన్ని రోజులు?

గ్యాస్కెట్ వేయడం పది నిమిషాల పని. దాని దాకా వెళ్లడం, మళ్లీ బయటికి రావడం, మధ్యలో శుభ్రం చేయడం, అవే రోజులు తింటాయి.

ఇంజిన్ పూర్తిగా చల్లారాకే మొదలుపెట్టాలి. వేడి మీద బోల్టులు విప్పితే బాగున్న హెడ్డు కూడా వంగుతుంది. కూలెంటు, ఆయిలు దించి, బ్యాటరీ వైరు తీసి, మానిఫోల్డులు, పైపులు, వైరింగు ఒక్కొక్కటీ విప్పి గుర్తులు పెట్టుకుంటాం. టైమింగ్ బెల్టు లేదా చైను తీసే ముందు ఒకటో నంబరు పిస్టన్‌ను పైకి తెచ్చి మార్కులు కలుపుతాం. ఇక్కడ ఒక పన్ను తప్పినా తర్వాత వాల్వులు పిస్టన్లకు తగిలి వంగుతాయి. హెడ్డు బోల్టులు ఒకేసారి విప్పం. బయటి నుంచి మధ్యకు, కొద్దికొద్దిగా, రెండు మూడు విడతల్లో.

హెడ్డు లేపగానే నేను ముందు పిస్టన్లను చూస్తాను. మూడు పిస్టన్ల తలలు మసిబట్టి నల్లగా ఉంటాయి. ఒక్కటి మాత్రం తోమిన గిన్నెలా తెల్లగా మెరుస్తుంటుంది. కూలెంటు అందులోకి జారి ఆవిరై దాన్ని కడిగేసింది. ఆ సిలిండరు పక్కనే గ్యాస్కెట్ మీద నల్లటి చార కనిపిస్తుంది, సన్నగా, గీత గీసినట్టు. గ్యాసు దారి అదే. యజమాని దగ్గరుంటే పిలిచి చూపిస్తాను. డబ్బు దేనికి పెడుతున్నారో ఆ చార చెబుతుంది.

అక్కడి నుంచి శుభ్రం చేయడం. పాత గ్యాస్కెట్ మిగులును ప్లాస్టిక్ లేదా ఇత్తడి గీకుడు బద్దతో మెల్లగా తీయాలి. గ్రైండరుకు ఎమెరీ చక్రం తగిలించి రుద్దితే పది నిమిషాల్లో తళతళలాడుతుంది కానీ అల్యూమినియంలో గుంటలు పడతాయి, ఆ ఎమెరీ పొడి ఆయిలు దారుల్లోకి జారి తర్వాత బేరింగులను తినేస్తుంది. బ్లాకులో బోల్టు రంధ్రాల అడుగున నిలిచిన కూలెంటును, ఆయిలును పూర్తిగా తీసేయాలి. లేకపోతే బోల్టు దిగుతూ ఆ ద్రవాన్ని నొక్కుతుంది. టార్క్ రెంచి (బిగింపు బలం కొలిచే రెంచి) బిగిసిందని చెబుతుంది కానీ హెడ్డు బిగియదు. కొన్నిసార్లు బ్లాకే చిట్లుతుంది.

ఫేసింగ్ తప్పనిసరా?

ఫేసింగ్ అంటే వంగిన హెడ్డు అడుగును సన్నగా చెక్కి చదును చేయడం. అది కావాలా అన్నది కొలిచి చూసి చెప్పాలి. హెడ్డు అడుగున ఉక్కు స్ట్రెయిట్ ఎడ్జ్ పెట్టి, దాని కింద ఫీలర్ గేజి ఆకు దూర్చి చూస్తాం. పొడవునా, అడ్డంగా, ఐమూలగా. చాలా ఇంజిన్లకు 0.05 మిల్లీమీటర్లకు మించి వంపు ఉండకూడదు. బండి మాన్యువల్‌లో ఆ అంకె ఉంటుంది. అంతకన్నా ఎక్కువుంటే లేత్ వర్క్స్‌కు పంపి ఫేసింగ్ చేయించాలి. ఎంత తీయొచ్చో కూడా కంపెనీయే చెబుతుంది. పరిమితి దాటి తీస్తే కంప్రెషన్ పెరిగి, వాల్వుకూ పిస్టన్‌కూ మధ్య సందు తగ్గుతుంది. అప్పుడు హెడ్డు మార్చడమే దారి.

వంపు లేకపోయినా, బాగా కాగిన హెడ్డుకు బీటలు ఉన్నాయేమో ఒత్తిడి పరీక్ష చేయించండి. నీళ్లలో ముంచి గాలి ఎక్కిస్తారు. వాల్వు సీట్ల మధ్య వెంట్రుకలాంటి బీట కంటికి కనిపించదు, బుడగ కనిపెడుతుంది. ఈ ఖర్చు మిగిల్చుకుందామని చూడకండి.

బ్లాకు పైభాగాన్ని కూడా అలాగే కొలవాలి. చాలామంది అది మర్చిపోతారు.

బోల్టులు బాగానే ఉన్నాయి కదా, మళ్లీ అవే వేయకూడదా?

ఇప్పటి ఇంజిన్లలో ఎక్కువగా సాగే రకం బోల్టులు వాడతారు. ముందు కొంత టార్క్‌కు బిగించి, తర్వాత 90 డిగ్రీలు, మరో 90 డిగ్రీలు, ఇలా కోణం లెక్కన తిప్పుతారు. బండి బండికీ ఆ లెక్క వేరు. అలా తిప్పినప్పుడు బోల్టు శాశ్వతంగా సాగుతుంది. ఇలాంటి బోల్టులను కంపెనీ ఒక్కసారికే అంటే ఒక్కసారికే. రెండోసారి వేస్తే ఆ పట్టు రాదు, లేదా బిగిస్తుండగానే తెగి సగం బ్లాకులో ఉండిపోతుంది. కొన్ని ఇంజిన్లకు పొడవు కొలిచి మళ్లీ వాడొచ్చని ఉంటుంది. అక్కడ కొలిచి వాడండి.

బిగించేటప్పుడు మధ్య నుంచి బయటికి, కంపెనీ చెప్పిన వరసలో, టార్క్ రెంచితోనే. "ఇరవై ఏళ్ల చెయ్యి, రెంచి ఎందుకు?" అనే మేస్త్రీలు ఉన్నారు. నా చెయ్యీ ఇరవై ఏళ్లదే. హెడ్డు దగ్గర నేను నా చేతిని నమ్మను.

ఏ గ్యాస్కెట్ కొనాలి?

మీ ఇంజిన్ నంబరుకు సరిపోయేది, కంపెనీది లేదా దానికి సరఫరా చేసే తయారీదారుది. డీజిల్ ఇంజిన్లలో ఒకే బండికి రెండు మూడు మందాల గ్యాస్కెట్లు ఉంటాయి. పిస్టన్ పైకి వచ్చినప్పుడు బ్లాకు అంచు దాటి ఎంత పొడుచుకు వస్తుందో కొలిచి దాన్నిబట్టి ఎంచుకోవాలి. గ్యాస్కెట్ అంచున చిన్న గాట్లో రంధ్రాలో ఉంటాయి, అవే మందం గుర్తు. పాతదాని గాట్లు లెక్కపెట్టకుండా పారేయకండి. ఉక్కు పొరల గ్యాస్కెట్‌కు పైన సీలెంటు పేస్టు పూయకూడదు, కంపెనీ ఫలానా మూలలో చుక్క పెట్టమంటే తప్ప.

మొత్తం ఖర్చులో గ్యాస్కెట్ ధర చిన్న భాగమే. మజూరీ, లేత్ పని, బోల్టులు, ఆయిలు, ఫిల్టరు, కూలెంటు, వీటిదే పెద్ద వాటా. ఎలాగూ విప్పారు కాబట్టి థర్మోస్టాట్ (వేడిని బట్టి కూలెంటు దారి తెరిచేది), వాటర్ పంపు, టైమింగ్ బెల్టు వయసు చూసి అప్పుడే మార్చేయడం లాభం. వీటికి తర్వాత మళ్లీ మజూరీ కట్టక్కర్లేదు.

వేయించిన గ్యాస్కెట్ మళ్లీ పోతే?

ఇది నా అనుభవమే చెబుతాను. చాలా ఏళ్ల కిందట బీచ్ వైపు నుంచి ఒక కారు వచ్చింది. గ్యాస్కెట్ పోయింది. హెడ్డు ఫేసింగ్ చేయించాను, కొత్త బోల్టులు వేశాను, ఎక్కడా లోపం లేకుండా బిగించాను. మూడు వారాలకు ఆ కారు మళ్లీ తాడు కట్టుకుని వచ్చింది. అదే చోట, అదే చార. రాత్రి దాకా వెతికితే రేడియేటర్ ఫ్యాన్ కనెక్టర్ దొరికింది. ఊడదీస్తే లోపల పిన్నుల చుట్టూ పచ్చటి చిలుము, ఉప్పుగాలికి పట్టింది. ఫ్యాన్ ఒకసారి తిరిగేది, ఒకసారి తిరిగేది కాదు. నేను బండి ఇచ్చేముందు చూసినప్పుడు తిరిగింది. రెండోసారి పనికి నేను డబ్బు తీసుకోలేదు, తీసుకోవడానికి మనసు రాలేదు.

అప్పటి నుంచి మొదటిసారి బండి ఎందుకు వేడెక్కిందో తేలేదాకా నేను హెడ్డు బిగించను. ఫ్యాన్, దాని రిలే, కనెక్టరు, థర్మోస్టాట్ తెరుచుకునే వేడి, రేడియేటర్ లోపల పారుడు, మూత పట్టే ఒత్తిడి, వాటర్ పంపు రెక్కలు. మీరు ఎక్కడ చేయించినా సరే, "అసలు ఎందుకు వేడెక్కింది?" అని అడగండి. జవాబు లేకపోతే పని పూర్తి కాలేదు.

కూలెంటు బదులు నీళ్లు పోస్తే ఏమవుతుంది?

దారిలో ప్రాణం మీదికొస్తే తాగే నీళ్లు పోసి ఇంటికి రండి, తప్పులేదు. అలవాటుగా పోయకండి. ముఖ్యంగా బోరు నీళ్లు. సముద్రం దగ్గరి కాలనీల్లో బోరు నీళ్లు నోట్లో పోసుకుంటేనే ఉప్పగా తగులుతాయి. బకెట్టు అంచున కట్టే తెల్లటి పొర, ఇంజిన్ లోపల సన్నని దారుల్లో కూడా కడుతుంది. ఆ ఉప్పు అల్యూమినియం హెడ్డును గ్యాస్కెట్ అంచుల దగ్గరే తినేస్తుంది. హెడ్డు దింపినప్పుడు కూలెంటు రంధ్రాల చుట్టూ చెదపురుగు తిన్నట్టు గుంటలు కనిపిస్తాయి.

కూలెంటులో తుప్పును ఆపే మందులు ఉంటాయి, మరిగే వేడి కూడా పెరుగుతుంది. అరకు లోయ సముద్రమట్టానికి 900 మీటర్ల పైన ఉంది. అక్కడ మామూలు నీళ్లు 97 డిగ్రీల దగ్గరే మరుగుతాయి. మూత సరిగ్గా ఒత్తిడి పట్టి, సరైన కూలెంటు ఉంటే 120 డిగ్రీలకు కూడా మరగదు. మీ బండి మాన్యువల్ చెప్పిన రకమే పోయండి, రంగు చూసి కలపకండి. చిక్కటిది కొంటే డిస్టిల్డ్ వాటర్‌తోనే పలచన చేయండి.

కూలెంటు తియ్యగా ఉంటుంది, విషం. పార్కింగ్‌లో కారితే వెంటనే కడిగేయండి. వీధికుక్కలు నాకుతాయి, పిల్లలు చేయి పెడతారు.

పని అయ్యాక నేను చూసుకోవాల్సినవి?

కూలెంటు నింపేటప్పుడు లోపల చిక్కిన గాలి పూర్తిగా పోవాలి. హీటరు వేడిలో పెట్టి, ఫ్యాన్ రెండుసార్లు తిరిగి ఆగేదాకా ఇంజిన్ నడిపి, మట్టం చూసి ఇవ్వాలి. మర్నాడు పొద్దున, స్టార్ట్ చేయకముందు, డబ్బాలో మట్టం మీరే చూడండి. కొద్దిగా తగ్గితే గాలి పోయిన గుర్తు, నింపండి. వారం తర్వాత కూడా తగ్గుతుంటే తిరిగి తీసుకురండి. ఆయిలులో కూలెంటు కలిసిన బండి అయితే కొత్త ఆయిలును కూడా అయిదారు వందల కిలోమీటర్లకే మార్చేయండి, లోపలి మిగులు కడిగేసుకుపోతుంది. మొదటి వారం సింహాచలం కొండ ఎక్కించండి, అరకు మాత్రం ఇప్పుడే వద్దు.

ఇన్సూరెన్స్ వస్తుందా?

మామూలు పాలసీలో మెకానికల్ బ్రేక్‌డౌన్ ఉండదు కాబట్టి రాదు. అదనంగా తీసుకున్న కవరు ఉంటే దాని షరతులు చదివి, ముందుగా అడిగి, ఆ తర్వాతే బండి విప్పించండి. విప్పాక అడిగితే లాభం లేదు.

సెకండ్ హ్యాండ్ కారు కొంటున్నాను. ఎలా చూసుకోవాలి?

అమ్మేవాళ్లకు చెప్పి, రాత్రంతా ఆగిన బండిని పొద్దున్నే చూడండి. మీరు వెళ్లేసరికి ఇంజిన్ వేడిగా ఉంటే ఎందుకు నడిపారో అడగండి. చల్లగా ఉన్నప్పుడే మూత తీసి కూలెంటు చూడండి. తుప్పు నీళ్లలా గోధుమ రంగులో ఉంటే ఏళ్ల తరబడి నీళ్లు పోశారు. పైన నూనె తెట్టు తేలుతుంటే ఆ బండి వదిలేయండి. డిప్‌స్టిక్, ఆయిల్ మూత చూడండి. స్టార్ట్ చేయించి సైలెన్సర్ వెనక నిలబడండి. పది నిమిషాలు నడిచాక పై హోస్ పైపు పట్టి చూడండి, మెత్తగా నొక్కుకోవాలి. ఏసీ వేసి ఫ్యాన్ తిరిగేదాకా ఆగండి. హెడ్డు బోల్టుల దగ్గర, ఇంజిన్ అతుకు వెంట కొత్త సీలెంటు కనిపిస్తే హెడ్డు ఎప్పుడు దింపారు, ఫేసింగ్ బిల్లు ఉందా అని అడగండి. బిల్లు చూపించి, ఎందుకు వేడెక్కిందో చెప్పగలిగిన యజమాని దగ్గర కొనడానికి నాకైతే అభ్యంతరం లేదు. సరిగ్గా చేసిన హెడ్డు పని బండికి మచ్చ కాదు.